దాస్యపదాలు : అర్థవిచారం

జగ్గయ్యపేటకు చేరువలో, హైదరాబాదు నుండి విజయవాడకు పోయే జాతీయ రహదారిపై గరికపాడు గ్రామం ఉన్నది. ఆ ఊరి దాపున పారే ఏటి పేరు పాలేరు. ఏటికి ఈవల ఆంధ్రప్రదేశ్, ఆవల తెలంగాణ. 1948 సెప్టెంబరు వరకు ఆవలి దిక్కు నిజాం రాజ్యం. ఈవలి దిక్కు ఇంగ్లీషువారి ఏలుబడిలో, స్వాతంత్ర్యానంతరం మద్రాసు రాష్ట్రంలో ఉండిన కృష్ణా జిల్లా. నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతపు మెట్టపల్లెలలో ఆసామి ఇంట ఏడాది పొడవునా సేద్యపు పని చేసేవానిని పాలేరు అన్నారు. ఏటి ఆవలి పల్లెలలో దొర గడీకి కూలి లేకుండా చేయవలసిన పనిని వెట్టి అన్నారు. ఏటి పేరుకు, మనిషి పేరుకు పోలిక ధ్వనిలోనే గాని అర్థంలో లేదు. పాలేరు, వెట్టి అనే రెండు మాటల మధ్య మాత్రం అర్థంలోనే బంధుత్వం ఉన్నది. భారత పార్లమెంటు 1976లో వెట్టిచాకిరి వ్యవస్థను రద్దు చేస్తూ చట్టం చేసినప్పుడు, దేశంలోని వివిధ ప్రాంతాలలో ఆ వ్యవస్థకు గల పేర్లను నిర్వచన భాగంలో వరుసగా పేర్కొన్నది. ఆ వరుసలో వెట్టి ఉన్నది, జీతా ఉన్నది, పాలేరు కూడా ఉన్నది.

వెట్టి అన్న మాట వినగానే ఎవరికైనా అన్యాయం స్ఫురిస్తుంది. పాలేరు అన్న మాట వినగానే ఎడ్లబండి, పచ్చని చేను కొందరి కళ్ళ ముందు కదులుతాయి. పాలేరుగా బతికిన ప్రతివాడూ బానిసేనని చట్టం అనలేదు. తీసుకున్న అప్పుకో, పెద్దలు చేసిన అప్పుకో కట్టుబడి, పని మానుకొనే స్వేచ్ఛను, వేరొకచోట పని వెతుక్కొనే స్వేచ్ఛను కోల్పోయినవాడు ఏ పేరుతో ఉన్నా అతనిది నిర్బంధమే అన్నది. అనగా పేరును కాదు, స్థితిని చూడమన్నది. దాస్యాన్ని తెలిపే పదాల చర్చకు ఈ సూత్రమే ఆధారం కావాలి. పదం మెత్తగా ఉన్నంత మాత్రాన బంధం మెత్తగా ఉండదు.

ఈ పదాలలో మిక్కిలి ప్రాచీనమైనది ‘దాస’ శబ్దం. ఋగ్వేదంలో అది ఆర్యులకు శత్రువులైన జనుల పేరుగా కనిపిస్తుంది. కాలక్రమంలో స్వాతంత్ర్యం లేని సేవకుడు అనే అర్థం దానికి స్థిరపడింది. పరాజితుల పేరు పరిచారకుల పేరుగా మారడం భారతదేశానికే పరిమితం కాదు. ఐరోపాలో స్లావ్ జాతివారు పెద్దసంఖ్యలో బందీలై అమ్ముడుపోయిన కారణంగా వారి జాతినామమే ఇంగ్లీషులో బానిసను తెలిపే ‘స్లేవ్’ పదానికి మూలమైనది. అరబ్బీలో ‘గులాం’ అనగా మొదట బాలుడు. కొని తెచ్చి పెంచిన బాలురను ఆ పేరుతో పిలిచినందువల్ల అది బానిసకు పర్యాయపదమైనది. వయసు ఎంత వచ్చినా బానిసను పిల్లవానిగానే పిలవడం యజమాని దృష్టిని చూపుతుంది. 1873లో జోతిరావు ఫూలే తన గ్రంథానికి ‘గులాంగిరీ’ అని పేరు పెట్టి, నల్లజాతివారిని దాస్యం నుండి విడిపించిన అమెరికా ప్రజలకు దానిని అంకితం చేశాడు. ఇక్కడి కులవ్యవస్థలోని అణచివేత, అక్కడి బానిసత్వం ఒకటే అని చెప్పడానికి ఆయనకు ఆ ఒక్క మాట చాలింది.

ధర్మశాస్త్రాలు దాసులను వర్గీకరించాయి. మనుస్మృతి ఏడు విధాల దాసులను, నారదస్మృతి పదిహేను విధాల దాసులను పేర్కొన్నాయి. యుద్ధంలో పట్టుబడినవాడు, అన్నం కోసం దాసుడైనవాడు, ఇంటి దాసికి పుట్టినవాడు, కొనబడినవాడు, తండ్రితాతల నుండి సంక్రమించినవాడు ఈ జాబితాలలో ఉన్నారు. వర్గీకరణకు ఆధారం మనిషి ఎలా చిక్కాడన్నదే గాని, అతడు ఏమి చేస్తాడన్నది కాదు. దాసుడు సంపాదించినది యజమానిదేనని మనువు చెప్పగా, కౌటిల్యుడు తన అర్థశాస్త్రంలో యజమాని పనికి భంగం లేకుండా సంపాదించుకొన్నది దాసునికే చెందుతుందనీ, మూల్యం చెల్లించి అతడు విముక్తుడు కావచ్చుననీ చెప్పాడు. ఒకే పదం కింద ఇద్దరు శాస్త్రకారులు రెండు స్థితులను చూపారు. తలుపు పూర్తిగా మూసి ఉన్నదా, కొంచెమైనా తెరచి ఉన్నదా అన్నదే ఆ రెండింటికీ భేదం.

ఈ విచారణను కావ్యలోకంలో అందరికంటె తీవ్రంగా చేసినది ద్రౌపది. తనను తాను ముందుగా ఓడి దాసుడైన ధర్మరాజుకు తరువాత భార్యను పణంగా ఒడ్డే హక్కు ఎక్కడిదని ఆమె నిండుసభను ప్రశ్నించింది. ఆంధ్రభారతం సభాపర్వం చదివిన తెలుగువారందరికీ ఈ ఘట్టం పరిచితమే. భీష్మునివంటి ధర్మవేత్త కూడా సూటిగా సమాధానం చెప్పలేకపోయాడు. ద్రౌపది అడిగినది కేవలం తన మానరక్షణకు సంబంధించిన ప్రశ్న కాదు. దాసుడు అనే మాటకు అర్థమేమిటన్న ప్రశ్న. ఏ అధికారమూ లేనివాడే దాసుడైతే, అతనికి మరొకరిని దాసిని చేసే అధికారమూ ఉండదు. పదానికి సరైన అర్థం చెప్పవలసివచ్చినప్పుడు పెద్దలు మౌనం వహిస్తే ఏమవుతుందో ఆ సభ చూపింది.

దాస్యం అన్నివేళలా నింద్యార్థంలోనే వాడబడలేదు. నవవిధ భక్తులలో దాస్యం ఒకటి. నేలకొండపల్లిలో జన్మించిన కంచర్ల గోపన్న రామదాసుగా ప్రసిద్ధుడైనాడు. తానీషా కాలంలో గోల్కొండ చెరసాలలో ఉండి కూడా ఆయన తనను రాముని దాసునిగానే చెప్పుకొన్నాడు తప్ప సుల్తాను దాసునిగా కాదు. ఇక్కడ దాస్యం కోరి వరించినది. ‘దాసోహం’ అనగా ‘నేను దాసుడను’ అని అర్థం. వీరశైవులలో ఆ మాట సమర్పణభావానికి, అన్నదానానికి పేరైనది. నేటి పత్రికాభాషలో మాత్రం బలవంతునికి లొంగిపోయిన పిరికివాని చర్యను ‘దాసోహమన్నాడు’ అంటున్నారు. భక్తుని నోట గౌరవాన్ని పొందిన పదం లోకవ్యవహారంలో నిందావాచకమైనది. భేదమంతా ఆ మాటను ఎవరు, ఎవరి ముందు, తమంత తామే పలికారా లేదా అన్నదానిలో ఉన్నది.

ఇష్టపూర్వకమైన దాస్యాన్ని గౌరవించిన సంస్కృతి, ఆ గౌరవాన్ని నిర్బంధానికి ముసుగుగా కూడా వాడుకొన్నది. దేవదాసి అన్న పదమే దీనికి ఉదాహరణ. దేవునికి దాసి అన్న పేరు ఎంత పవిత్రంగా వినిపించినా, చిన్నతనంలోనే ఆలయానికి అర్పింపబడిన బాలిక అంగీకారాన్ని ఎవరూ అడగలేదు. డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డి వంటివారి దీర్ఘకృషి ఫలితంగా 1947లో మద్రాసు రాష్ట్రంలోనూ, జోగిని మొదలైన పేర్లతో మిగిలిన ఆచారాన్ని కూడా నిషేధిస్తూ 1988లో ఆంధ్రప్రదేశ్‌లోనూ చట్టాలు వచ్చాయి. భక్తుడు తనకు తాను పెట్టుకొన్న పేరు వేరు, పసిబిడ్డకు పెద్దలు తగిలించిన పేరు వేరు. అక్షరాలు ఒకటైనంత మాత్రాన అర్థాలు ఒకటి కావు.

అచ్చతెలుగులోనూ ఇట్టి పదాలు అనేకం ఉన్నాయి. తొత్తు అనగా మొదట ఇంటి పనులు చేసే దాసి. నేడు రాజకీయ ప్రసంగాలలో పరుల చెప్పుచేతలలో ఉండే పురుషుని కూడా తొత్తు అంటున్నారు. తిట్టుగా వాడేవారికి ఆ మాట వెనుక రాత్రింబవళ్ళు పనిచేసిన ఒక పేదస్త్రీ ఉన్నదన్న స్మరణ ఉండదు. కాకతీయుల కాలంలో లెంకలు అనేవారు ఉండేవారు. ఏలినవాని కోసం ప్రాణమైనా ఇస్తామని ప్రతిన పూనిన వీరభటులు వారు. లెంక, బంటు అనే మాటలకు సేవకుడనే అర్థం ఉన్నా, వాటిలో పౌరుషం ధ్వనిస్తుంది. కనుకనే హనుమంతుని రామబంటు అన్నారు. ఊడిగం అన్న మాట ఒకప్పుడు సేవకు సామాన్యనామం. నేడు ‘ఊడిగం చేయడం’ అంటే ఆత్మగౌరవాన్ని చంపుకోవడమే. మగవాని సేవ బంటుతనమై కీర్తిని తెచ్చింది; ఆడుదాని సేవ తొత్తుతనమై తిట్టుగా మిగిలింది. పదాలలో కూడా పక్షపాతం ఉంటుందనడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

వెట్టి అనే మాట సంస్కృతంలోని ‘విష్టి’ నుండి వచ్చింది. విష్టి అనగా వేతనం ఇవ్వక రాజు చేయించుకొనే పని. క్రీ.శ. 150 ప్రాంతంలో రుద్రదాముడు జునాగఢ్ శాసనంలో సుదర్శన తటాకాన్ని ప్రజలపై పన్నులతో, విష్టితో భారం మోపకుండా బాగుచేయించినట్లు చాటుకొన్నాడు. విష్టి చేయించకపోవడం శిలపై చెక్కించుకోదగిన ఘనకార్యమైనదంటే, చేయించడం ఎంత సామాన్యమో ఊహించవచ్చు. చాకిరి అనే మాట పారశీకంలోని సేవకవాచకమైన ‘చాకర్’ నుండి వచ్చింది. ఈ విధంగా వెట్టిచాకిరి అన్న ఒక్క సమాసంలో రెండు భిన్నకాలాల రాచరికాలు కలిసి కూర్చున్నాయి. పాలకులు మారినా పని మారలేదు. పనికి పాతపేరు పక్కన కొత్తపేరు చేరిందంతే.

నిజాం రాజ్యంలో ఈ వెట్టి ఊరినంతటినీ చుట్టుకొన్నది. కుమ్మరి కుండలు ఇవ్వాలి. చాకలి బట్టలు ఉతకాలి. చర్మకారుడు చెప్పులు, మోటబొక్కెన కుట్టి ఇవ్వాలి. ఊరికి అధికారి వస్తే మూటలు మోయాలి, కబురు అందించాలి. దొర కుమార్తె అత్తవారింటికి పోతే ఆమెతోపాటు ఆడబాపగా ఒక పేదబాలిక పోవాలి. ఆడబాపల దుఃస్థితిని దాశరథి రంగాచార్య ‘చిల్లరదేవుళ్ళు’ నవలలో చిత్రించాడు. దొర ఎదుట నిలిచిన రైతు తనను తాను ‘బాంచన్’ అని చెప్పుకొనేవాడు. ‘నీ బానిసను’ అని దాని అర్థం. ఒకనిచే బానిసనని చెప్పించడం దాస్యానికి పరాకాష్ఠ. అప్పటికి అతని శ్రమే కాదు, అతని నోట ఉత్తమపురుష సర్వనామం కూడా యజమాని వశమైపోయింది. ఆంధ్రమహాసభ ఉద్యమం, 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య బలిదానం, పాలకుర్తి ఐలమ్మ భూపోరాటం ఆ ‘బాంచన్’ను ‘నేను’గా మార్చిన చరిత్రలో ఘట్టాలు.

అయితే వెట్టి ఏటి ఆవలివారి పాపమేనని ఈవలివారు తలపోస్తే అది చరిత్రకు విరుద్ధం. నిజాం గ్రామాల నడుమ ద్వీపంవలె ఉన్న మునగాల పరగణా అప్పట్లో కృష్ణా జిల్లా నందిగామ తాలూకాలోనిదే. అక్కడి జమీందారు నాయని వెంకటరంగారావు తెలుగు భాషకు మేలు చేసినవారిలో ముఖ్యుడు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం స్థాపనకు తోడ్పడ్డాడు. ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు గరికపాడుకు అట్టే దూరంలో లేని పెనుగంచిప్రోలులో 1877లో జన్మించిన మహావిద్వాంసుడు; తెలుగువారికి విజ్ఞానసర్వస్వాన్ని అందించ పూనుకొన్నవాడు. అదే పరగణాలో 1930వ దశకంలో రైతులు వెట్టికి, అక్రమ వసూళ్ళకు వ్యతిరేకంగా ఉద్యమించవలసివచ్చింది. గ్రంథాలయం వెలిసినంత మాత్రాన వెట్టి తనంతట తాను తొలగిపోదు. ఆ దాతృత్వాన్ని గౌరవిస్తూనే ఈ సత్యాన్ని కూడా పక్కన నిలపడం న్యాయం.

తిరిగి పాలేరు మాటకు వస్తే, తెలుగులో పాలు అనగా వాటా. పంటలో వాటాకు సేద్యం చేసే పాలికాపు పేరులో ఆ అర్థం స్పష్టంగా ఉన్నది. పాలేరు దానికి దగ్గరి మాట. కాని అతనికి చేనిలో పాలు లేదు. ఏడాదికి ఇన్ని గింజలని కుదుర్చుకొన్న జీతమే అతనిది. జీతం అన్న మాట ‘జీవితం’ నుండి పుట్టింది. బ్రతుకుదెరువు అనే అర్థంలో అది సహజమే. పెళ్ళికో, జబ్బుకో తెచ్చిన అప్పు తీరక కొడుకును కూడా జీతానికి పెట్టినప్పుడు మాత్రం ఆ పదం తన మూలార్థానికి మరొక విధంగా న్యాయం చేసింది: జీతం కోసం జీవితాన్నే తాకట్టు పెట్టడమైనది. పాలేరు పేరునే శీర్షికగా బోయి భీమన్న రచించిన నాటకంలో నాయకుడు చదువు ద్వారా ఆ బంధాన్ని తెంచుకొంటాడు. పాలేరు అన్న పేరును దాచకుండా, పేరు మోసే మనిషిని ఎదిగించి చూపడం ఆ నాటకపు విశిష్టత.

కూలి అన్న మాట మరొక దారి తొక్కింది. తెలుగులో, తమిళంలో అది పనికి ఇచ్చే ప్రతిఫలం. అందులో అవమానం లేదు. గుజరాతు ప్రాంతపు కోలీ జాతి పేరుతో దానిని ముడిపెట్టేవారూ ఉన్నారు. బ్రిటిషు సామ్రాజ్యంలో బానిసత్వం రద్దయిన తరువాత చెరకుతోటలకు ఒప్పందపు కూలీలను 1834 నుండి మారిషస్‌కు, 1860 నుండి దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు, 1879 నుండి ఫిజీకి తరలించారు. వారిలో తెలుగువారు కూడా ఉన్నారు. వారు వేలిముద్ర వేసిన అగ్రిమెంటు వారి నోట ‘గిర్మిట్’ అయినది. ప్రతిఫలాన్ని తెలిపే మాట ఆ దేశాలలో చదువుకొన్న భారతీయుని కూడా కించపరచే తిట్టుగా మారింది. ఒక పదంలోని గౌరవం, అగౌరవం దాని అక్షరాలలో లేవనీ, పలికేవాని అధికారంలో ఉన్నాయనీ ఈ ఉదంతం తెలుపుతుంది.

దాస్యపదాలకు ఎదురుగా ఆధిపత్యపదాలు నిలుస్తాయి. జగ్గయ్యపేట బౌద్ధస్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ పరిశీలించినప్పుడు వెలుగుచూసిన శిల్పాలలో మాంధాత చక్రవర్తి శిల్పం సుప్రసిద్ధం. చక్రవర్తి అనగా అడ్డులేకుండా తన రథచక్రాన్ని పోనిచ్చేవాడు. ఆ చక్రం కింద నలిగినవారికి ఆ పదంలో చోటు లేదు. పెద్దతనం ‘పెత్తనం’ అయినది. జబర్దస్తీ అన్న పారశీకపదానికి ‘పైచేయి’ అని అర్థం. దొర అన్న మాట గడీ యజమానికీ, తెల్లవానికీ సమానంగా చెల్లింది. ఇంగ్లీషువారి కాలంలో సర్కారును ‘దొరతనమువారు’ అని అచ్చువేసేవారు. నేడు వాడుతున్న ‘ప్రభుత్వం’ అన్న మాటకు కూడా ప్రభువుతనం అనే అర్థం. ప్రజలే ప్రభువులని రాజ్యాంగం చెప్పినా, భాష ఇంకా కార్యాలయంలోని కుర్చీనే ప్రభువంటున్నది. ఏలేవానికి ఆదరవాచకం, ఏలబడేవానికి నిందావాచకం సహజమైనట్లు తోచడమే ఆధిపత్యం సాధించిన విజయం.

చట్టభాష ఈ పదాలకు మెల్లమెల్లగా కొత్త అర్థాన్ని ఇచ్చింది. 1843 నాటి చట్టం బానిసపై యజమాని హక్కును న్యాయస్థానాలు గుర్తించరాదన్నది. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం 23వ అధికరణంలో మనుషుల క్రయవిక్రయాన్ని, వెట్టిని, నిర్బంధశ్రమను నిషేధించింది. ఢిల్లీ ఏషియాడ్ నిర్మాణకార్మికుల వ్యాజ్యంలో 1982లో సుప్రీంకోర్టు తరఫున జస్టిస్ పి.ఎన్. భగవతి ఒక గొప్ప అర్థవిస్తరణ చేశారు. కనీసవేతనం కంటె తక్కువకు పనిచేయించుకోవడం కూడా నిర్బంధశ్రమే అన్నారు. కొరడా ఝళిపించినప్పుడే కాదు, ఆకలి తప్ప వేరు దారి లేనప్పుడు కూడా మనిషి నిర్బంధితుడే. నిఘంటువులు చెప్పని అర్థాన్ని న్యాయస్థానం చెప్పింది.

ఈ వెలుగులో నేటి వాడుకను పరిశీలించాలి. సెల్‌ఫోనుకు బానిస, క్రికెట్టుకు బానిస, మత్తుకు బానిస అనే ప్రయోగాలు నిత్యం వినిపిస్తాయి. ఇవి తప్పు కాదు. అర్థవ్యాప్తి భాషకు సహజం. మత్తును విడువలేనివాని విషయంలో ఆ ఉపమానం యుక్తమే, ఎందుకంటే విడిచిపోలేకపోవడమే దాస్యలక్షణం. చిక్కు మరొకచోట ఉన్నది. ఆలంకారిక దాస్యానికి బానిస అన్న కఠినపదాన్ని ధారాళంగా వాడే సమాజం, అసలు దాస్యానికి మెత్తని పదాలను వెతుకుతున్నది. చదువుకోవలసిన వయసులో పట్నంలో ఒకరి ఇంట గిన్నెలు తోమే బాలికను ‘మా ఇంటిపిల్ల’ అంటారు. ఒడిశా నుండి కుటుంబంతో సహా వచ్చి ఇటుకబట్టీలో పనిచేసే మనిషి మెడలోని అప్పును ‘అడ్వాన్సు’ అంటారు. తరతరాలుగా కదలనివ్వని చాకిరిని ‘నమ్మకం’ అంటారు. ఇంటిపిల్లకు ఇంటివారి పిల్లలతోపాటు బడి ఉన్నదా? అడ్వాన్సు తీరకముందు ఆ మనిషి సొంతఊరికి పోగలడా? ఈ ప్రశ్నలకు ‘లేదు’ అన్నదే జవాబైతే, ఆ మెత్తని మాట అబద్ధం.

కఠినపదాలను ఎక్కడబడితే అక్కడ వాడితే వాటి పదును పోతుందనీ, కష్టపడి పనిచేసే ప్రతివారినీ బానిస అనడం వారి శ్రమను అవమానించడమేననీ కొందరు అనవచ్చు. అది సబబైన మాటే. అందుకే కొలమానం అవసరం. పని కఠినమా, సులువా అన్నది కొలమానం కాదు. యజమాని దయామయుడా, క్రూరుడా అన్నదీ కాదు. కాదనగలడా, న్యాయమైన ప్రతిఫలం పొందగలడా, విడిచి వెళ్ళగలడా అన్న మూడు ప్రశ్నలే కొలమానం. అవునని జవాబు వస్తే అతడు కార్మికుడు. ఆ పేరు గౌరవప్రదం. కాదని వస్తే అతనిది దాస్యం. ఆ పేరు చెప్పడానికి సంకోచించరాదు.

1976 నాటి చట్టం ప్రకారం నిర్బంధంలో ఉన్నవారిని గుర్తించి విడిపించడం జిల్లా అధికారుల బాధ్యత. గుర్తించాలంటే ముందు ఎవరో ఒకరు దానిని దాని పేరుతో పిలవాలి. పొరుగువాడు ‘ఇంటిపిల్ల’ అని సరిపుచ్చుకొన్నంతకాలం ఏ అధికారీ ఆ తలుపు తట్టడు. వెట్టి, పాలేరు, జీతా అని ఊళ్ళలోని మాటలనే చట్టంలో రాసినవారు ఈ సంగతి ఎరిగినవారు. భాష చదివే విద్యార్థికి పర్యాయపదాలు కంఠస్థం చేయడం ఎంత అవసరమో, ఏ పదం కింద ఏ మనిషి ఉన్నాడో చూడడం అంతకంటె అవసరం.